కర్త లేని సంఘానికి జవాబుదారు ఎవరు?

సింగపూరులో పదిమంది కలిసి ఒక సంఘంగా ఏర్పడదలచుకొంటే ముందుగా రిజిస్ట్రారు వద్ద నమోదు కావలసి ఉంటుంది. 1966 నాటి సొసైటీల చట్టం ఈ విషయంలో చాల నిక్కచ్చిగా ఉన్నది. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు, కోశాధికారి ఎవరు, నియమావళి ఏమిటి, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు అన్న వివరాలన్నీ కాగితం మీద ఉండి తీరవలె. 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజం వంటి సంస్థలు ఈ చట్రంలోనే పెరిగినవి. ఉగాది పచ్చడి పంచిపెట్టడానికి కూడా ఒక తీర్మానం, ఒక రసీదు, రెండు సంతకాలు కావలసి రావడం సభ్యులకు అప్పుడప్పుడు విసుగు పుట్టించే మాట నిజమే.

ఇదే సింగపూరు గడ్డ మీద, ఇవేవీ అక్కరలేదని చెప్పుకొనే మరొక విధమైన సంఘాలు గత పదేండ్లుగా వేళ్ళూనుకొన్నవి. క్రిప్టో కరెన్సీ ప్రపంచంలో వాటిని 'డావో' అని పిలుస్తారు. తెలుగులో వికేంద్రీకృత స్వయంపాలిత సంస్థ అనుకోవచ్చును. సభ్యులు వేలసంఖ్యలో ఉంటారు. ఎవరి ముఖమూ ఎవరికీ తెలియదు. కోట్ల డాలర్ల నిధి ఉంటుంది, కోశాధికారి ఉండడు. నియమావళి కాగితం మీద కాక కంప్యూటర్ ప్రోగ్రాముగా ఉంటుంది. దానిని అమలు జరిపేదీ కంప్యూటరే. మనుషుల మీద నమ్మకంతో పనిలేని సంఘం ఇది అని దీని ప్రవర్తకుల వాదం. ఆ వాదంలో నిజమెంత అన్నది సింగపూరు తెలుగు కుటుంబాలకు కేవలం కుతూహలానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఇక్కడి తెలుగు యువకులలో పలువురు కంప్యూటర్, బ్యాంకింగ్ రంగాలలో ఉన్నవారు. ఇటువంటి సంస్థలలో ఉద్యోగానికో, పొదుపు సొమ్ము పెట్టుబడికో వారికి పిలుపులు వస్తూనే ఉంటవి.

ముందుగా ఈ యంత్రాంగం ఎట్లా పనిచేస్తుందో స్థూలంగా తెలుసుకోవలె. పూర్వం వర్తకుల దుకాణాలలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏనాటి లావాదేవీలు ఆనాడు చిట్టాకెక్కేవి. అక్కడినుండి పేరుపేరునా ఆవర్జాలోకి మారేవి. ఆ పుస్తకాలు యజమాని గల్లాపెట్టె ప్రక్కనే ఉండేవి గనుక, వాటిలోని అంకెలను నమ్మడమంటే యజమానిని నమ్మడమే. 2009 జనవరి 3వ తేదీన మొదలైన బిట్‌కాయిన్ ఈ ఏర్పాటును తలక్రిందులు చేసినది. ఒకే ఆవర్జాకు వేలాది ప్రతులు వేలాది కంప్యూటర్లలో ఉంటవి. ప్రతి పుటలోనూ వెనుకటి పుట సారాంశం ఒక ముద్రగా పడి ఉంటుంది. అందువలన పాత పుటలో ఒక్క సున్న దిద్దినా తరువాతి పుటల ముద్రలన్నీ చెదరిపోయి దొంగతనం బయటపడుతుంది. బ్లాక్‌చైన్ అనే మాటకు ఇంతకంటె పెద్ద రహస్యం లేదు.

2015 జూలై 30న ఆరంభమైన ఎథీరియం మరొక అడుగు ముందుకు వేసినది. ఆవర్జాలో జమాఖర్చులే కాక, ఒప్పందపు షరతులను సైతం ప్రోగ్రాముగా వ్రాసి ఉంచవచ్చును. షరతు నెరవేరగానే సొమ్ము దానంతటదే చేతులు మారుతుంది. దీనిని స్మార్ట్ కాంట్రాక్టు అంటారు. ఇటువంటి కాంట్రాక్టులో ఒక ఉమ్మడి నిధిని ఉంచి, చందా ఇచ్చినవారికి టోకెన్లు పంచి, టోకెన్ల లెక్కన ఓట్లు వేయించి, నెగ్గిన తీర్మానం ప్రకారం నిధినుండి సొమ్ము దానంతటదే విడుదలయ్యేటట్లు అమర్చితే అదే డావో.

తెలుగువారికి ఇది మరీ కొత్త ఊహ కాదు. ఇరవై కుటుంబాలు కలిసి చీటీ వేసుకొని, నెలనెలా పాట పాడుకొని, ఎవరి అవసరానికి వారు ఎత్తుకోవడం ఇంటింటా ఎరిగిన సంగతే. బ్యాంకు లేదు, ప్రభుత్వం లేదు. ఉన్నది పూచీ ఒక్కటే. చీటీ నడిపే మనిషి మంచివాడైతే అందరూ బాగుపడతారు. రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతే అందరూ మునుగుతారు. సింగపూరుకు ఈ అనుభవమూ ఉన్నది. 1971లోనే ఇక్కడ చిట్‌ఫండ్ల చట్టం వచ్చినది. ఐనప్పటికీ 1973లో జెమినీ చిట్‌ఫండ్ కార్పొరేషన్ కుప్పకూలి వేలాది చందాదారులు నష్టపోయినారు. ఆ చీటీ నడిపే మనిషి స్థానంలో ఒక ప్రోగ్రామును కూర్చోబెడదామన్నదే డావో ప్రవర్తకుల ఆలోచన. పారిపోవడానికి కాళ్ళు లేని చీటీ యజమాని! ఆలోచనగా దీనిని తీసిపారవేయడానికి వీలులేదు.

ఆచరణలో ఏమి జరిగినదన్నది వేరు విషయం. 2016 వసంతంలో 'ది డావో' అనే పేరుతోనే ఒక సంస్థ వెలసినది. కొద్ది వారాలలోనే ప్రపంచం నలుమూలలనుండి వేలాదిమంది దానిలో సుమారు 15 కోట్ల డాలర్ల విలువగల ఈథర్ నాణేలను జమచేసినారు. అదే సంవత్సరం జూన్ 17న అజ్ఞాత వ్యక్తి ఒకడు ఆ నిధినుండి 36 లక్షల ఈథర్ నాణేలు తోడివేసినాడు. అతడు తాళం పగులగొట్టలేదు. ఎవరి సంతకమూ ఫోర్జరీ చేయలేదు. ఆ ప్రోగ్రాములో వరుస తప్పిన రెండు మెట్లు ఉన్నవి. సభ్యుడు తన వాటా అడిగినప్పుడు ముందు సొమ్ము చెల్లించి, తరువాత ఖాతాలో తగ్గించేటట్లు అది వ్రాయబడినది. బ్యాంకు గుమాస్తా డబ్బు చేతికిచ్చి, పుస్తకంలో వ్రాసుకోబోయేలోగా అదే మనిషి మళ్ళీ చేయి చాచితే, పుస్తకంలో నిలవ ఇంకా తగ్గలేదు గనుక గుమాస్తా మళ్ళీ ఇస్తాడు. అట్లా ఎన్నిమార్లైనా ఇస్తూనే పోతాడు. మనిషి గుమాస్తా అయితే రెండవసారికే తలయెత్తి చూస్తాడు.

తోడిన సొమ్ము కొన్ని వారాలపాటు కదలకుండా ఉండేటట్లు ఆ ప్రోగ్రాములోనే ఒక గడువు ఉండడం అదృష్టం. ఆ గడువులో ఎథీరియం నిర్మాతలు, గనికార్మికులని పిలువబడే కంప్యూటర్ల యజమానులు, వ్యాపారులు తర్జనభర్జనలు పడి, జూలై 20న ఆవర్జానే తిరగవ్రాసి సొమ్మును వెనుకకు ఇప్పించినారు. ఎవరూ మార్చలేరని చెప్పిన పుస్తకాన్ని మార్చినారన్నమాట. అది తప్పని భావించినవారు పాత పుస్తకంతోనే ఉండిపోయినారు. దానికే ఎథీరియం క్లాసిక్ అని పేరు వచ్చినది. నష్టపోయినవారి సొమ్ము వారికి చేరడం న్యాయమే. ఆక్షేపించవలసినది ఆ నిర్ణయాన్ని కాదు. అటువంటి ఆపత్కాలంలో ఎవరు కూర్చుని, ఏ నియమం ప్రకారం నిర్ణయించవలెనో ముందుగా ఎక్కడా వ్రాసిపెట్టుకొనకపోవడాన్ని. అప్పటికప్పుడు జరిపిన అభిప్రాయసేకరణలో పాల్గొన్న ఈథర్, చలామణిలో ఉన్న మొత్తంలో చాల స్వల్పభాగం మాత్రమే. ఏ తెలుగు సంఘపు సర్వసభ్య సమావేశమైనా కోరం లేదని వాయిదా వేసుకొనే పరిస్థితి అది.

ఆ ఏడే సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంతో అనుబంధమున్న పరిశోధకులు లోయి లూ, ప్రతీక్ సక్సేనా, వారి సహచరులు ఇటువంటి లోపాలను యాంత్రికంగా పసిగట్టే ఒక సాధనాన్ని ప్రకటించినారు. దాని పేరు ఓయెంటే. అప్పటికి ఎథీరియంలో ఉన్న 19,366 కాంట్రాక్టులను దానితో పరీక్షించగా 8,833 కాంట్రాక్టుల మీద అనుమానం వ్యక్తమైనది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రయోగశాలలో ప్రాథమిక పరీక్షకు రంగు మారినంతమాత్రాన పదార్థం ఫలానా అని తేలిపోదు. నిర్ధారణ పరీక్ష వేరుగా చేయవలె. అదేవిధంగా అనుమానమున్న కాంట్రాక్టులన్నీ దోషభూయిష్ఠాలని కాదు. అయినా దాదాపు సగం కాంట్రాక్టుల మీద హెచ్చరిక దీపం వెలగడం, ప్రోగ్రామును నియమావళిగా నమ్ముకొన్నవారికి గట్టి హెచ్చరికే.

అధిపతి లేకుండా క్రమం ఏర్పడడం అసాధ్యమేమీ కాదు. ప్రకృతిలో అది నిత్యం జరిగేదే. పటిక ద్రావణాన్ని గాఢపరచి చల్లారనిస్తే అణువులు తమంతట తామే బారులు తీరి చక్కని స్ఫటికాలుగా పేరుకొంటవి. వాటికి ఆజ్ఞ ఇచ్చే దళపతి ఎవరూ లేరు. అయితే స్ఫటికం పెరగడానికి ముందు ఒక బీజం కావలె. ఆ బీజం ఏ రూపంలో ఉంటే పైపొరలు ఆ రూపాన్నే అనుసరిస్తవి. బీజంలో పొరపాటు ఉంటే అది పొరపొరకూ ప్రాకుతుంది. డావోలలోనూ అంతే. ప్రోగ్రామును మొదట వ్రాసిన నలుగురైదుగురు, తొలివిడత టోకెన్లు తమ వద్ద ఉంచుకొన్నవారు — వీరే ఆ బీజం. అధికారం లేదని చెప్పే చోట అధికారం మాయమైపోలేదు; అది మొదటి రోజునే ప్రోగ్రాములోకి ప్రవేశించి కూర్చున్నది.

ఇందుకు సింగపూరులోనే కనబడే పెద్ద ఉదాహరణ టెర్రా. టెర్రాఫామ్ ల్యాబ్స్ 2018లో డో క్వాన్, డేనియల్ షిన్ అనే ఇద్దరు కొరియన్లు స్థాపించి సింగపూరులో నమోదు చేసిన కంపెనీ. టెర్రా నాణెం విలువ ఎల్లప్పుడూ ఒక డాలరు దగ్గర నిలిచి ఉంటుందన్నారు. నిలిపేది ఏ బ్యాంకులోని డాలర్ల నిలవా కాదు; లూనా అనే మరొక నాణెం. టెర్రా ధర డాలరుకంటె జారితే, ఎవరైనా ఒక టెర్రాను ఇచ్చి ఒక డాలరు విలువ చేసే లూనాలను పుచ్చుకోవచ్చును. ఆ విధంగా టెర్రాల సంఖ్య తగ్గి ధర మళ్ళీ పైకి వస్తుందని లెక్క.

రసాయనశాస్త్రం చదివినవారికి ఇది బఫర్ ద్రావణాన్ని జ్ఞప్తికి తెస్తుంది. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ కలిపిన నీటిలో నాలుగు చుక్కల ఆమ్లం పోసినా పి.హెచ్. విలువ పెద్దగా కదలదు. ఆ స్థిరత్వాన్ని చూచి మురిసిపోయే విద్యార్థికి అధ్యాపకుడు చెప్పే రెండవ మాట మరింత ముఖ్యం: బఫరుకు ఒక సామర్థ్యం ఉంటుంది, అది అయిపోయిన తరువాత ఇంకొక్క చుక్కతోనే పి.హెచ్. దడాలున పడిపోతుంది. టెర్రా విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. బఫరులో ఆమ్లాన్ని పీల్చుకొనే లవణం వేరుగా ఉంటుంది. ఇక్కడ లూనాకు విలువ వచ్చినదే టెర్రా మీద జనానికి ఉన్న నమ్మకం వలన. ఆమ్లమూ లవణమూ ఒక్క సీసాలోనుంచి వచ్చినవే.

ఆ వ్యవస్థలో యాంకర్ అనే పథకం టెర్రా నిలవలకు ఏడాదికి సుమారు 20 శాతం వడ్డీ చూపించినది. 2022 మే నెలలో పెద్దమొత్తాలు బయటకు వెళ్ళడం ఆరంభమైనది. టెర్రాలు ఇచ్చి లూనాలు పుచ్చుకొనేవారు పెరిగేకొద్దీ లూనా ధర పడినది. ధర పడినకొద్దీ ఒక డాలరుకు మరిన్ని లూనాలు ముద్రించవలసి వచ్చినది. తన వేడితో తానే మరింత వేగం పుంజుకొనే ఉష్ణమోచక చర్య అదుపు తప్పినట్లుగా, సుమారు 34 కోట్లుగా ఉన్న లూనాల సంఖ్య వారం తిరిగేలోపల ఆరున్నర లక్షల కోట్లకు పెరిగినది. దాదాపు 4,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైపోయినది. సింగపూరులో ఖాతాదారుల సొమ్ము పుచ్చుకొని దానిని టెర్రాలో పెట్టిన హోడ్ల్‌నాట్ ఆ ఆగస్టులో చెల్లింపులు నిలిపివేసినది. సింగపూరు కేంద్రంగా పెరిగిన త్రీ ఆరోస్ క్యాపిటల్ జూన్ నెలాఖరుకే మూతపడినది.

ఈ సందర్భంలో వికేంద్రీకరణ ఏమైనదన్నది గమనించవలె. రక్షణనిధిగా 80,394 బిట్‌కాయిన్లు ఒక ఫౌండేషను చేతిలో ఉన్నవి. దానిని నడిపినది కొద్దిమంది సభ్యుల మండలి. కష్టకాలం వచ్చేసరికి ఆ నిధి దాదాపుగా ఖర్చైపోయి 313 బిట్‌కాయిన్లు మిగిలినవి. ఎవరూ ఆపలేరన్న గొలుసును నిర్వాహకులు తమలో తాము అనుకొని రెండుమార్లు ఆపినారు. లాభాలు వస్తున్నంతకాలం అది సమూహపు సొత్తు. నష్టం రాగానే స్విచ్చి ఎక్కడున్నదో తెలిసినవారు కొందరు బయటపడినారు. డో క్వాన్ 2023 మార్చిలో మాంటినీగ్రోలో పట్టుబడి, 2025 ఆగస్టులో న్యూయార్కు న్యాయస్థానంలో మోసపు నేరాలను అంగీకరించినాడు. ఆ డిసెంబరులో అతనికి 15 ఏండ్ల జైలుశిక్ష పడినది. శిక్ష పడినది ప్రోగ్రాముకు కాదు, మనిషికి.

ప్రోగ్రాములు తమలో తాము చేసుకొన్న ఒప్పందానికి ఎవరి మనస్సును చూడవలె? ఈ ప్రశ్నకు సింగపూరు న్యాయస్థానాలు ఇచ్చిన సమాధానం ప్రపంచమంతటా న్యాయవాదులు చదువుతున్నారు. క్వాయిన్ అనే సింగపూరు కంపెనీ నడిపిన నాణేల విపణిలో 2017 ఏప్రిల్ 19న ఒక సాంకేతిక లోపం వలన ఇతర విపణుల ధరలు కంప్యూటరుకు అందలేదు. బి2సి2 అనే వ్యాపారసంస్థ ప్రోగ్రాము ఆ సమయంలో ఒక్కొక్క ఈథరును పది బిట్‌కాయిన్ల చొప్పున అమ్మివేసినది. అప్పటి అసలు ధరకు అది సుమారు 250 రెట్లు. 309 ఈథర్లకు 3,092 బిట్‌కాయిన్లు చేతికి వచ్చినవి. మరునాడు కంపెనీ ఆ లావాదేవీలను ఏకపక్షంగా రద్దుచేసినది. కేసు 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టులో తేలినది. ప్రోగ్రాముకు మనస్సు ఉండదు గనుక, దానిని వ్రాసిన మనిషి ఏమి తెలిసి, ఏ ఉద్దేశంతో వ్రాసినాడో చూడవలెనని అధికసంఖ్యాక న్యాయమూర్తులు చెప్పినారు. కంపెనీ ఒప్పందాన్ని ఉల్లంఘించినదని తీర్పు ఇచ్చినారు. జోనథన్ మాన్స్ అనే న్యాయమూర్తి ఒక్కరు విభేదించినారు. ఇంత విపరీతపు ధరను చూచిన ఏ సామాన్యుడికైనా అది పొరపాటని తెలిసిపోతుందని ఆయన అభిప్రాయం. వ్యాపారధర్మం దృష్ట్యా చూస్తే ఆ ఒక్కరి మాటలోనే పస ఎక్కువగా కనిపిస్తుంది. ఏ అభిప్రాయమైనప్పటికీ, ప్రోగ్రాము వెనుక నిలబడిన మనిషిని అందరు న్యాయమూర్తులూ వెదకినారు.

కైబర్ కథ ఇంకా విచిత్రమైనది. ఓయెంటే సాధనాన్ని నిర్మించినవారిలో ఒకరైన లోయి లూ 2017లో సింగపూరులో వెలసిన కైబర్ నెట్‌వర్క్ స్థాపకులలో ఒకరు. నాణేలు మార్చుకొనే ఈ వేదికకు 2020లో కైబర్‌డావో అనే ఓటర్ల సంఘం ఏర్పడినది. లోపాలను పట్టే విద్యలో ఆరితేరినవారి ఇంటిలోనే, 2023 నవంబరులో లెక్కల చివరి దశాంశాల దగ్గర జరిగిన ఒక సూక్ష్మమైన తేడాను పట్టుకొని ఒకడు సుమారు 4.8 కోట్ల డాలర్లు లాగివేసినాడు. సొమ్ములో కొంత వాపసు ఇస్తే బహుమానం ఇస్తామని కంపెనీ కబురు పెట్టగా అతడిచ్చిన సమాధానం అపూర్వమైనది. కంపెనీ మీద పూర్తి పెత్తనం, కైబర్‌డావో మీద తాత్కాలికంగా సర్వాధికారం తనకు అప్పగించవలెనని షరతు పెట్టినాడు! వికేంద్రీకృతమైనదానిని స్వాధీనం చేయమని దొంగ అడగడంలోనే, స్వాధీనం చేయదగిన కేంద్రం ఒకటి ఉన్నదని అతనికి అర్థమైనట్లు తెలుస్తున్నది. కంపెనీ ఒప్పుకొనలేదు. నష్టపోయినవారికి పరిహార పథకం ప్రకటించినది. సిబ్బందిలో సగం మందిని తొలగించవలసి వచ్చినది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఒక కెనడా యువకుని మీద ఈ విషయంలో అభియోగం ప్రకటించినది.

ఇక ఓట్ల సంగతి. డావోను ప్రజాస్వామ్యమని వర్ణించడం పరిపాటి అయినది. అది సరికాదు. ప్రజాస్వామ్యంలో మనిషికి ఒక ఓటు. డావోలో టోకెనుకు ఒక ఓటు. ఇది జాయింటు స్టాకు కంపెనీ పద్ధతి. కంపెనీకి ఉండే డైరెక్టర్లు, ఆడిటర్లు మాత్రం లేరు. చైనాలిసిస్ సంస్థ 2022లో పది పెద్ద డావోలను పరిశీలించగా, టోకెన్లు కలవారిలో ఒక శాతం కంటె తక్కువమంది చేతిలో 90 శాతం ఓటుబలం ఉన్నట్లు కనబడినది. అంతకంటె విడ్డూరం 2022 ఏప్రిల్ 17న బీన్‌స్టాక్ అనే సంస్థలో జరిగినది. ఒకడు కొన్ని క్షణాలకు పెద్ద అప్పు తీసుకొని, దానితో మూడింట రెండువంతుల ఓట్లు కూడగట్టి, నిధిని తనకే ఇచ్చే తీర్మానాన్ని నెగ్గించుకొని, అప్పు తీర్చివేసినాడు. ఇదంతా ఒకే లావాదేవీలో ముగిసినది. నష్టం 18 కోట్ల డాలర్లకు పైమాటే.

సహకార సంఘాల చరిత్ర ఎరిగినవారికి ఇది వింతగా తోస్తుంది. సింగపూరులో మొట్టమొదటి సహకార సంఘం 1925లో ప్రభుత్వోద్యోగుల పొదుపు, రుణాల కోసం ఏర్పడినది. తెలుగునాట 1956లో ఎ.కె.విశ్వనాథరెడ్డి పూనికతో కరీంనగర్ జిల్లా ముల్కనూరులో వెలసిన సహకార గ్రామీణ బ్యాంకు దేశానికే ఆదర్శమైనది. వీటిలో పది వాటాలున్న ఆసామికీ, ఒక్క వాటా ఉన్న కౌలురైతుకూ ఓటు ఒక్కటే. సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకోవడానికి 1995లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే చేసినది. వికేంద్రీకరణ అన్న మాటకు అసలైన అర్థం అక్కడ దొరుకుతుంది. డావోలు ఆ పద్ధతిని ఎందుకు అనుసరించవు? ఒక మనిషి వేయి మారుపేర్లతో వేయి ఓట్లు వేయకుండా ఆపడానికి ఆ మనిషి ఎవరో తెలియవలె. తెలియడానికి సింగపూరువాసుల సింగ్‌పాస్ వంటి గుర్తింపు కావలె. గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం. వలదన్న కేంద్రాన్నే మళ్ళీ పిలుచుకొన్నట్లవుతుంది. ఈ చిక్కుముడి ఇంతవరకు విడలేదు.

ఊరూపేరూ లేని సంఘమంటే బాధ్యత కూడా ఉండదని సభ్యులు అనుకొంటారు. అది ప్రమాదకరమైన భ్రమ. నమోదైన సంస్థకు చట్టం ఒక వేరు వ్యక్తిత్వాన్ని ఇస్తుంది. సంస్థ అప్పు సభ్యుని ఇంటిమీదికి రాదు. ఆ కవచం లేనిచోట అమెరికా న్యాయస్థానాలు డావోను మామూలు భాగస్వామ్య వ్యాపారంగా చూడడం మొదలుపెట్టినవి. 2023 జూన్‌లో ఊకీ డావో మీద జరిమానా పడినది. 2024 నవంబరులో లైడో డావో కేసులో ప్రాథమిక దశలోనే కాలిఫోర్నియా న్యాయస్థానం ఆ సంస్థ భాగస్వామ్యంగా పరిగణింపదగినదని చెప్పినది. భాగస్వామ్యమైతే ఎవరి అప్పుకైనా అందరూ బాధ్యులే. సరదాకు నాలుగు టోకెన్లు కొని ఓటు వేసిన యువకుడు ఈ మాట ఒకసారి ఆలోచించుకోవలె.

సింగపూరు ద్రవ్య ప్రాధికార సంస్థ ఈ రంగాన్ని తరిమివేయలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. 2020 జనవరి 28నుండి అమలైన చెల్లింపు సేవల చట్టంతో లైసెన్సులు పెట్టినది. 2022 జనవరిలో సామాన్య ప్రజలను ఆకర్షించే ప్రకటనలను నిరుత్సాహపరచినది. 2025 జూన్ 30నుండి, ఇక్కడ కూర్చుని విదేశీయులకు మాత్రమే సేవలందించే సంస్థలకూ లైసెన్సు తప్పనిసరి చేసినది. ఇక్కడి హైకోర్టు 2023 జూలైలో, క్రిప్టో నాణెం ట్రస్టుగా ఉంచదగిన ఆస్తియేనని తీర్పు చెప్పినది. అధికారుల నిక్కచ్చితనాన్ని ఆడిపోసుకొనేవారు 2022 వేసవిని మరచినట్లున్నారు.

ఇంతచెప్పినా ఈ సాంకేతికతలో సంఘాలకు పనికివచ్చే గుణం ఒకటున్నది. నిధి ఎంత, ఎవరికి ఎప్పుడు చెల్లింపు జరిగినది అన్నది ఎవరైనా ఏ క్షణమైనా చూడవచ్చును. ఏడాదికొకసారి కోశాధికారి చదివే నాలుగు అంకెలకంటె ఇది మేలు. 2021 నవంబరులో అమెరికా రాజ్యాంగపు తొలి ముద్రణ ప్రతి ఒకటి వేలానికి వచ్చినప్పుడు, 17,000 మందికి పైగా అపరిచితులు వారం రోజులలో సుమారు 4.7 కోట్ల డాలర్లు కూడగట్టినారు. పాటలో ఓడిపోయినారు గాని లెక్క మాత్రం అందరికీ కనబడుతూనే ఉన్నది. అయితే చిన్న చందాలు ఇచ్చినవారి సొమ్మును తిరిగిచ్చే రుసుములే చాలవరకు మింగివేసినవి. ఇంకొక సంగతి: నేడు పెక్కు డావోల నిధులు నిజానికి ఉండేది బహుసంతకాల ఖాతాలలో. ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకొంటే తప్ప సొమ్ము కదలదు. ఎంతో నవీనమని చెప్పబడే ఈ ఏర్పాటు తెలుగు సంఘాల చెక్కుబుక్కులో మొదటినుండీ ఉన్నదే. ఆ ముగ్గురి పేర్లు సభ్యులకు తెలిసి ఉండడం ఒక్కటే తేడా.

టోకెన్లు ఇప్పటికే కొని ఉన్న కుటుంబాలు పట్టించుకోవలసిన విషయం ఒకటి మిగిలినది. బ్యాంకు ఖాతాదారు మరణిస్తే భార్యాబిడ్డలు మరణ ధ్రువపత్రమూ కోర్టు ఉత్తరువూ పట్టుకొని వెళ్ళవచ్చును. సి.పి.ఎఫ్. సొమ్ముకు ముందే నామినేషను వ్రాయవచ్చును. డావోలోని వాటాకు తాళంచెవి పన్నెండో ఇరవైనాలుగో ఆంగ్లపదాల వరుస మాత్రమే. ఆ పదాలు పోతే, ఏ న్యాయస్థానపు ఉత్తరువునూ ఆ ప్రోగ్రాము చదవదు; వెళ్ళి మొరపెట్టుకోవడానికి గవాక్షం లేదు, గుమాస్తా లేడు. ఆ పదాలు వ్రాసిన కాగితం ఎక్కడున్నదో భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండవలె. కంప్యూటరులోనో ఫోనులోనో ఫోటోగా దాచడం దొంగచేతికి ఇచ్చినట్లే గనుక, నగలతోపాటు బ్యాంకు లాకరులో పెట్టడం మేలు. వీలునామా వ్రాయించేటప్పుడు ఆ పదాలను అందులో చేర్చకుండా, అటువంటి ఆస్తి ఉన్నదనీ కాగితం ఫలానా చోట ఉన్నదనీ న్యాయవాదికి చెప్పి వ్రాయించవలె.